బెర్లిన్‌లో అడిగింది బ్రౌజర్ గురించే!

వారానికి ఇద్దరైనా మెసేజ్ పెడతారు. కొందరు మా కాలేజీ జూనియర్లు, కొందరు అసలు పరిచయం లేనివాళ్లు. ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే. "అన్నా, ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే జర్మనీలో జాబ్ వస్తుంది?" ఈమధ్య ఒకతను పూర్తి ప్లాన్‌తో వచ్చాడు. అమీర్‌పేటలో ఆరు నెలల ఫుల్‌స్టాక్ కోర్సు, తర్వాత ఓ కన్సల్టెన్సీ చూపించిన ప్రైవేటు యూనివర్సిటీలో మాస్టర్స్. అన్నీ కలిపి 18 లక్షల లోన్. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టడానికి వాళ్ల నాన్న ఒప్పుకున్నారట. "రియాక్టా, యాంగ్యులరా? అది చెప్పన్నా చాలు" అన్నాడు.

అది చెబితే చాలదు. నేను ఖమ్మం జిల్లావాణ్ని. 2019లో బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో నాలుగేళ్లు వెబ్ డెవలపర్‌గా చేశా. రెండేళ్లుగా బెర్లిన్‌లో ఉన్నా. ఆ కుర్రాడితో ఫోన్‌లో గంటన్నర మాట్లాడా. ఆ మాటలనే ఇక్కడ ఇంకొంచెం వివరంగా రాస్తున్నా. జర్మనీ వద్దనుకునేవాళ్లకి కూడా ఇందులో సగం పైనే పనికొస్తుంది.

మౌస్ పక్కన పెట్టమన్నారు

ఇక్కడి కంపెనీ నన్ను మూడు రౌండ్లు ఇంటర్వ్యూ చేసింది. రెండో రౌండ్‌లో ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒకటి తెరిచి, 90 నిమిషాల్లో రైలు టికెట్ బుక్ చేసే ఫామ్ తయారుచేయమన్నారు. ఫ్రేమ్‌వర్క్ వాడకూడదు. అయ్యాక మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతో మాత్రమే టికెట్ బుక్ చేసి చూపించమన్నారు. ఆ తర్వాత డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ స్పీడ్ బాగా తగ్గించి, అదే పేజీని మళ్లీ తెరవమన్నారు.

మూడో రౌండ్‌లో అయితే ఒకే ప్రశ్న. "అడ్రస్ బార్‌లో యూఆర్‌ఎల్ కొట్టి ఎంటర్ నొక్కాక ఏమవుతుంది? మొదటి నుంచీ చెప్పు." డీఎన్‌ఎస్ వెతకడం, సర్వర్‌తో సురక్షిత కనెక్షన్, హెచ్‌టీఎంఎల్ చదివి డామ్ కట్టడం, సీఎస్‌ఎస్ కలపడం, ఏ బాక్స్ ఎక్కడ కూర్చోవాలో లెక్కేయడం, చివరికి స్క్రీన్ మీద రంగులు వేయడం... 20 నిమిషాలు నన్ను మాట్లాడనిచ్చారు. మధ్యమధ్యలో "స్క్రిప్ట్ ట్యాగ్ పైన పెడితే ఏమవుతుంది? కింద పెడితే?" లాంటివి అడిగారు. నా రెజ్యూమెలో రియాక్ట్ గురించి సగం పేజీ ఉంది. దాని మీద వచ్చింది ఒక్క ప్రశ్న.

కీబోర్డు పరీక్ష సరదాకి పెట్టింది కాదని చేరాక తెలిసింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ షాపులు, బ్యాంకులు, టికెట్ సైట్లు దివ్యాంగులు కూడా వాడుకునేలా ఉండాలి. నేను చేరిన 2023లోనే కంపెనీలు దానికి రెడీ అవుతున్నాయి. మనలో చాలామందికి ఒక అలవాటు ఉంటుంది. డివ్ ట్యాగ్ రాసి, దానికి రంగు పూసి, ఆన్‌క్లిక్ తగిలించి, దాన్నే బటన్ అంటాం. కంటికి బటన్‌లాగే కనిపిస్తుంది. కానీ చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కి అది బటన్ అని తెలియదు. ట్యాబ్ కీ నొక్కితే దాని మీదకి వెళ్లదు. అదే బటన్ ట్యాగ్ రాస్తే ఇవన్నీ బ్రౌజరే ఉచితంగా ఇస్తుంది. ఇంత చిన్న విషయానికి ఇక్కడ చట్టం ఉంది, జరిమానా ఉంది.

ఇంకో ముచ్చట. గూగుల్ ఫాంట్స్ సైట్‌కి వెళ్లి ఒక లైన్ కాపీ చేసి పేజీలో పెట్టుకోవడం మనకి మంచినీళ్లు తాగినంత మామూలు. 2022 జనవరిలో మ్యూనిక్ కోర్టు, సరిగ్గా ఆ పని చేసిన ఒక సైటు యజమాని యూజర్‌కి 100 యూరోలు చెల్లించాలని చెప్పింది. ఎందుకంటే ఆ లైను వల్ల చూసేవాళ్ల ఐపీ అడ్రస్ వాళ్లని అడక్కుండానే గూగుల్‌కి వెళ్తుంది. ఆ ఏడాది జర్మనీ అంతటా చిన్న చిన్న సైట్లకి కూడా లాయర్ల నోటీసులు వెళ్లాయి. ఇప్పుడు మా టీమ్‌లో ఫాంట్ ఫైలు మా సర్వర్‌లోనే ఉంటుంది. బయటి నుంచి ఒక్క లైన్ తెచ్చినా "ఇది ఎవరికి ఏ డేటా పంపుతుంది?" అని కోడ్ రివ్యూలో అడుగుతారు.

పేర్లు వేరు, ఇంజిన్ ఒకటే

మీ ఫోన్‌లో క్రోమ్ ఉంటుంది. కొందరికి బ్రేవ్, ఒపెరా, ఎడ్జ్, శాంసంగ్ ఇంటర్నెట్ ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఇవన్నీ లోపల ఒకే ఇంజిన్‌తో నడుస్తాయి. దాని పేరు బ్లింక్. మైక్రోసాఫ్ట్ కూడా సొంత ఇంజిన్ వదిలేసి 2020 జనవరిలో ఎడ్జ్‌ని దీని మీదకే తెచ్చింది. ఐఫోన్‌లో అయితే క్రోమ్ అన్నా, ఫైర్‌ఫాక్స్ అన్నా లోపల యాపిల్‌వాళ్ల వెబ్‌కిట్టే. వేరే ఇంజిన్లకి దారి వదలాలని యూరప్ చట్టం పట్టుబడితే, 2024 మార్చిలో యాపిల్ యూరప్ వరకు మాత్రం ఒప్పుకుంది.

ఈ బ్లింక్, వెబ్‌కిట్ రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఆ ఇల్లు కూడా జర్మనీలోనే మొదలైంది. 1996లో ట్యూబింగెన్‌లో మథియాస్ ఎట్రిచ్ అనే విద్యార్థి లినక్స్ కోసం కేడీఈ అనే డెస్క్‌టాప్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. దాంట్లో వాలంటీర్లు రాసుకున్న బ్రౌజర్ ఇంజిన్ పేరు కేహెచ్‌టీఎంఎల్. 2001లో యాపిల్ దాన్ని తీసుకుని వెబ్‌కిట్ చేసింది. 2013లో గూగుల్ వెబ్‌కిట్‌ని చీల్చి బ్లింక్ చేసుకుంది. నమ్మకం లేకపోతే ఇప్పుడే మీ క్రోమ్‌లో 'మై యూజర్ ఏజెంట్' అని వెతకండి. వచ్చే పొడుగాటి లైన్‌లో కేహెచ్‌టీఎంఎల్ పేరు, పక్కనే 'లైక్ గెకో' అనీ కనిపిస్తుంది. గెకో ఫైర్‌ఫాక్స్ ఇంజిన్. ఆ లైన్ మొదట్లో మొజిల్లా అని కూడా ఉంటుంది. పాత సైట్లు బ్రౌజర్ పేరు చూసి లోపలికి రానిచ్చేవి కాబట్టి, ప్రతి కొత్త బ్రౌజరూ పాతవాళ్ల పేరు చెప్పుకుని దూరింది. ఆ అబద్ధాల గొలుసు ఇప్పటికీ అలాగే ఉంది.

ప్రపంచంలో మూడింట రెండు వంతుల వాడకం క్రోమ్‌దే. అయితే ఏంటట అంటారా? 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. పోటీ లేకపోయేసరికి తర్వాతి వెర్షన్ 2006లో గానీ రాలేదు. అయిదేళ్లు వెబ్ అక్కడే నిలబడిపోయింది. మధ్యలో 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చాకే కాస్త కదలిక. తెలుగువాళ్లకి ఆ రోజులు ఇంకా కష్టం. మన పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. వెతుకుదామంటే గూగుల్‌కి దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే యాడ్-ఆన్ వేసుకుంటే అదంతా యూనికోడ్‌లోకి మారి చదవడానికి వచ్చేది. బయటివాళ్లు కూడా యాడ్-ఆన్ రాసుకోగలిగే రెండో బ్రౌజర్ ఉండబట్టే అది సాధ్యమైంది.

క్రోమ్ ఆ పాత ఎక్స్‌ప్లోరర్‌లా నిద్రపోవట్లేదు, ఒప్పుకుంటా. డెవ్‌టూల్స్ విషయంలో దాన్ని మించింది లేదు. నా భయం డెవలపర్ల గురించి. క్రోమ్‌లో చూస్తారు, పని చేసింది, టికెట్ క్లోజ్. ఐఫోన్‌లో పేమెంట్ బటన్ అడ్రస్ బార్ వెనక దాక్కుందని కస్టమర్ చెప్తే గానీ తెలియదు. ఇంకోవైపు, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. పోటీదారుడి జీతం కూడా ఆయనే ఇస్తున్నట్టు! అమెరికాలో గూగుల్ మీద గుత్తాధిపత్యం కేసు నడిచింది కదా. క్రోమ్‌ని అమ్మేయాల్సిన అవసరం లేదని జడ్జి అమిత్ మెహతా 2025 సెప్టెంబర్ 2న తేల్చారు. క్రోమ్ మొదటిసారి విడుదలైంది కూడా 2008లో అదే రోజు.

తెలుగు నేర్పిన పాఠం

మాదాపూర్‌లో నేను మొదటి రెండేళ్లు ఒక తెలుగు న్యూస్ యాప్ వెబ్‌సైట్ మీద పనిచేశా. జీతం పెద్దగా లేదు, కానీ ఇక్కడ ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ పనే.

జావాస్క్రిప్ట్‌లో 'తెలుగు' అన్న మాట పొడవు ఎంతో అడిగి చూడండి. 6 అంటుంది. మన లెక్కలో మూడక్షరాలు. గుణింతాల గుర్తుల్ని అది విడిగా లెక్కేస్తుంది. 'స్త్రీ' ఒక్క అక్షరమే, కంప్యూటర్‌కి అదీ 6. ఇప్పుడు హెడ్డింగ్ పొడవుగా ఉందని కోసేసి చుక్కలు పెట్టే కోడ్ రాశారనుకోండి. 'రాష్ట్రం'ని నాలుగు దగ్గర కోస్తే 'రాష్' మిగులుతుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసినవాడికి ఇది ఎప్పటికీ కనపడదు. లైన్ల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి సరిపోయినంత పెడితే మన ఒత్తులు కింద లైన్‌కి తగులుతాయి, లేదంటే సగం కోసుకుపోతాయి.

యాపిల్ అంతటి కంపెనీకీ ఈ దెబ్బ తగిలింది. 2018 ఫిబ్రవరిలో నేను బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నా. 'జ్ఞా' అక్షరంలో కంటికి కనపడని ఒక కోడ్ కలిసి ఉంటే, అది మెసేజ్‌లో వచ్చినా నోటిఫికేషన్‌లో వచ్చినా ఐఫోన్ క్రాష్ అయ్యేది. యాపిల్ ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా ప్రపంచమంతా దాన్ని 'తెలుగు బగ్' అని పిలిచింది. హాస్టల్లో ఐఫోన్ ఉన్నది ఒక్కడికే, వాడు వారం రోజులు వాట్సాప్ గ్రూపుల్లోంచి బయటికెళ్లిపోయాడు.

బెర్లిన్‌లో చేరిన రెండో నెలలో ఒక టికెట్ వచ్చింది. ఇంగ్లిష్‌లో చక్కగా కనిపించే ఫామ్ జర్మన్‌లోకి మారగానే చిన్న ఫోన్లలో పగిలిపోతోంది. కారణం 'క్రాంకెన్‌ఫెర్‌జిషెరుంగ్స్‌నుమ్మర్' అనే లేబుల్. ఆరోగ్య బీమా నంబర్ అని అర్థం. మధ్యలో ఖాళీ లేకుండా 26 అక్షరాలు. నాకిది కొత్త కాదు. పదాల్ని కలిపేసి రాయడంలో మనమేం తక్కువ? పేజీ భాష ఏదో లాంగ్ యాట్రిబ్యూట్‌లో సరిగ్గా చెప్పి, సీఎస్‌ఎస్‌లో హైఫన్స్ ఆటో పెడితే జర్మన్ పదాన్ని ఎక్కడ విరవాలో బ్రౌజరే చూసుకుంటుంది. పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత భాషలకి సంబంధించిన టికెట్లన్నీ నాకే రావడం మొదలైంది. ప్రస్తుతం టీమ్‌లో నా ప్రత్యేకత అదే.

టూల్స్ మాట

నేను రోజూ రాసేది రియాక్టే. దాన్ని నేర్చుకోవద్దని అనను. కానీ వరస చూడండి. 2006లో జేక్వెరీ వచ్చింది. 2010లో యాంగ్యులర్ జేఎస్ వచ్చింది. మా సీనియర్లు దాన్ని నేర్చుకుని ఉద్యోగాల్లో చేరేసరికి, 2016లో పూర్తిగా వేరే పద్ధతిలో కొత్త యాంగ్యులర్ వచ్చింది. పాతదానికి 2021 డిసెంబర్‌తో సపోర్ట్ ఆపేశారు. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టడానికి అందరూ వాడిన 'క్రియేట్ రియాక్ట్ యాప్'ని 2025 ఫిబ్రవరిలో ఆ టీమే పక్కన పెట్టింది. మొదట్లో చెప్పిన కుర్రాడు పంపిన కోర్సు సిలబస్‌లో మొదటి పాఠం ఇప్పటికీ అదే!

అదే సమయంలో బ్రౌజర్ తనే చాలా నేర్చుకుంది. ఒకప్పుడు పాపప్ విండో కావాలంటే లైబ్రరీ వేసుకునేవాళ్లం. 2022 మార్చి నుంచి అన్ని పెద్ద బ్రౌజర్లలో డైలాగ్ ట్యాగ్ ఉంది. ఎస్కేప్ నొక్కితే మూసుకోవడం, వెనక పేజీని ఆపి ఉంచడం అన్నీ అదే చూసుకుంటుంది. ఏది అన్నిచోట్లా పనిచేస్తుందో 'కెన్ ఐ యూజ్' సైటులో చూడొచ్చు.

ఏఐ రాసిపెడుతుంది కదా అంటారు. నేనూ వాడతా. అది రాసే కోడ్‌లో డివ్‌కి ఆన్‌క్లిక్ తగిలించిన బటన్లు ఇప్పటికీ వస్తుంటాయి, మనం రాసిన కోట్ల లైన్లు చదివే కదా నేర్చుకుంది! అది తప్పని పట్టుకోవాలంటే బ్రౌజర్ తెలియాలి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మా కంపెనీ సైటుని అమ్మ ఫోన్‌లో తెరిచా. ఎనిమిది వేల రూపాయల ఫోన్ అది. తెల్లని స్క్రీన్ వచ్చి అలాగే నిలబడింది. పదకొండు అంకెలు లెక్కపెట్టా. బెర్లిన్‌లో నా ల్యాప్‌టాప్‌లో ఒక్క సెకను. "నెట్ బాలేదేమో నాన్నా" అంది అమ్మ. నెట్ బాగానే ఉంది, అదే నెట్‌లో ఆవిడ సీరియల్ చక్కగా చూస్తోంది. కేబుల్‌తో ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి డెవ్‌టూల్స్‌లో చూస్తే, ఫైళ్లు మూడు సెకన్లలోనే దిగాయి. మిగతా టైమంతా ఆ జావాస్క్రిప్ట్‌ని చదివి అర్థం చేసుకోవడానికే ఫోన్ ప్రాసెసర్ కిందామీదా పడుతోంది. ఆ రికార్డింగ్ తీసుకెళ్లి టీమ్‌కి చూపించా. బెర్లిన్‌లో కూడా పాత ఫోన్లు వాడే పెద్దవాళ్లు ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి. మూడు వారాలు కూర్చుని సగం స్క్రిప్టులు తీసేశాం. మీకు ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటే, ఇంట్లో ఉన్న అతి చవక ఫోన్‌ని అడిగి తీసుకోండి. ఏ కోర్సులోనూ అంత మంచి టెస్టింగ్ టూల్ ఇవ్వరు.

ఇక వీసా లెక్కలు

అమెరికా హెచ్1బీ సంగతి తెలిసిందే. ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక మనవాళ్ల చూపు ఇటు మళ్లింది. జర్మనీలో బ్లూ కార్డుకి లాటరీ లేదు. ఆఫర్ లెటర్, గుర్తింపు ఉన్న డిగ్రీ, నిర్ణీత జీతం ఉంటే చాలు. ఐటీకి ఆ జీతం 2025లో ఏడాదికి 43,759 యూరోల పైన. ఏటా మారుతుంది. మీ యూనివర్సిటీకి గుర్తింపు ఉందో లేదో 'అనాబిన్' అనే డేటాబేస్‌లో చూసుకోవాలి. పేరు పక్కన 'హెచ్ ప్లస్' అని ఉండాలి. ఈ పని ఉచితం, ఎవరికీ పది వేలు కట్టక్కర్లేదు. ఐటీలో సరైన అనుభవం మూడేళ్లుంటే డిగ్రీ లేకపోయినా దారి ఉంది. ఆ మార్పు 2023 నవంబర్‌లో వచ్చింది.

అంటే ఆ 18 లక్షల లోన్ తీసుకోకుండా, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మూడు నాలుగేళ్లు గట్టిగా పనిచేసి నేరుగా ఉద్యోగానికే రావచ్చు. నేను అలాగే వచ్చా. చదువే కావాలనుకుంటే, ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. ఖర్చుల కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, ఆ డబ్బు నెలనెలా మీకే తిరిగొస్తుంది. కన్సల్టెన్సీవాళ్లు ముందు ప్రైవేటు యూనివర్సిటీ పేర్లే ఎందుకు చెబుతారో మీరే ఊహించుకోండి.

జీతం విని లక్షల్లోకి మార్చేసుకోకండి. పెళ్లికాని నాలాంటివాడికి పన్నులు, బీమాలు కలిపి మూడో వంతు పైనే కోతపడుతుంది. బెర్లిన్‌లో ఇల్లు దొరకడం ఇంటర్వ్యూ కంటే కష్టం. నాకు నాలుగు నెలలు పట్టింది. మొదటి ఆరు నెలలు ప్రొబేషన్, రెండు వారాల నోటీసుతో పంపేయొచ్చు. నవంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారం పాలు కొనడం మర్చిపోతే సోమవారం దాకా బ్లాక్ టీయే. మంచివైపు కూడా చెప్పాలి. ఆరు దాటాక ఆఫీసు మెసేజ్ రాదు. సెలవు పెడితే "ఎందుకు" అని అడగరు. కోడ్ రివ్యూలో మాత్రం మొహమాటం ఉండదు. "ఇది తప్పు, మళ్లీ రాయి" అంతే. మాదాపూర్‌లో మేనేజర్‌ని సార్ అని పిలిచిన నోటికి, ఇక్కడ మేనేజర్‌ని పేరు పెట్టి పిలిచి "మీరు చెప్పింది సరికాదు" అనడానికి ఏడు నెలలు పట్టింది.

ఈ వేసవిలో మా కంపెనీ కొందరిని తీసేసింది. అందులో మా టీమ్‌వాళ్లు ఇద్దరు, ఒకరు విజయవాడ అబ్బాయి. బ్లూ కార్డు మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా మూడు నెలలు ఇస్తారు. అతని భార్య అప్పటికి ఆరో నెల గర్భవతి. పదకొండో వారంలో హాంబర్గ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ పదకొండు వారాలూ మా ఇంట్లో టీ తాగుతూ సీఎస్‌ఎస్ గ్రిడ్ గురించి మాట్లాడుకున్నాం, వీసా మాట ఎత్తలేదు.

అప్పట్నుంచి నేనూ పర్మనెంట్ రెసిడెన్స్ మీద పడ్డా. జర్మన్ ఏ1 స్థాయి ఉంటే బ్లూ కార్డు వచ్చిన 27 నెలలకి, బీ1 ఉంటే 21 నెలలకే ఇస్తారు. నాకు 24 నెలలు నిండాయి, ఇంకా బీ1 లేదు. వచ్చే నెల పరీక్ష. చదవడం, రాయడం పర్లేదు. వినడమే కష్టంగా ఉంది, బెర్లిన్‌వాళ్లు సగం మాట మింగేస్తారు.